వాకిట్లో ముగ్గు.. పళ్లెంలో ముద్ద

బాగలూరు వీధుల్లో మూడు భాషల పొద్దుపొడుపు

బాగలూరు (కృష్ణగిరి జిల్లా): తెల్లారి ఐదున్నర. ధనుర్మాసపు మంచు ఇంకా విడవలేదు. హోసూరు పోయే బస్సు హారను మోగించుకుంటూ వెళ్లిపోయింది. వీధిలోకి తొంగి చూస్తే వరసగా వాకిళ్ల ముందర వంగిన తలలే. ఒకామె పేడనీళ్లు చల్లుతోంది. ఇంకొకామె చుక్కలు పెడుతోంది. ఎదురింటామె చీపురు పక్కన పెట్టి అడుగుతుంది.. ‘ఎన్న అక్కా, ఇన్నిక్కి ఎత్తన పుళ్ళి?’ ఈమె తలెత్తకుండానే తెలుగులో జవాబిస్తుంది.. ‘పదహైదమ్మా, సందు చుక్క. ఎనిమిది దాకా’. పక్కింటి కన్నడమామె రెండు నిమిషాలు నిలబడి చూసి ‘చెన్నాగిదె’ అనేసి లోపలికి పోతుంది.

అడిగింది తమిళం, చెప్పింది తెలుగు, మెచ్చుకున్నది కన్నడం. ఎవరికీ ఏమీ అర్థం కాకుండా పోలేదు. మనకది ముగ్గు, వాళ్లకు కోలం, వీళ్లకు రంగోలి. చుక్కలు మాత్రం అందరికీ అవే.

పట్నాల్లో ఇప్పుడు మూడు మాటలు బాగా వినిపిస్తున్నాయి. వీధి చిత్రాలు, ఆరోగ్య ఆహారం, పాజిటివ్ జీవనం. ఒకదానికి ప్రదర్శన, ఇంకొకదానికి ప్రత్యేకమైన అంగడి, మూడోదానికి ఫీజు కట్టి వెళ్లే శిక్షణ తరగతి. హోసూరుకు ఈశాన్యంగా, మాలూరు దారిలో ఉన్న ఈ పాళెగాళ్ల నాటి ఊళ్లో ఈ మూడూ పొద్దు పొడవక ముందే, పైసా ఖర్చు లేకుండా జరిగిపోతున్నాయి. ఇంకెన్నాళ్లు జరుగుతాయన్నదే ప్రశ్న.

సంతకం లేని బొమ్మ

ఇక్కడికి సుమారు యాభై కిలోమీటర్ల లోపున్న బెంగళూరులో 2009లో నగరపాలిక గోడలకు బొమ్మలు వేయించింది. సినిమా హోర్డింగులు గీసి, ప్లెక్సీలు వచ్చాక పని పోయిన చిత్రకారులకు అలా కొన్నాళ్లు చేతినిండా పని దొరికింది. 2015లో అదే నగరంలో బాదల్ నంజుండస్వామి అనే కళాకారుడు సుల్తాన్‌పాళ్యలో నీళ్లు నిలిచిన రోడ్డు గుంతలో నిలువెత్తు మొసలి బొమ్మను పెట్టాడు. దేశమంతా ఆ ఫొటో చూసింది. చెన్నైలో పునరావాస కాలనీ అయిన కణ్ణగి నగర్ ఇళ్ల గోడలు 2020లో పెద్ద పెద్ద చిత్రాలతో నిండిపోయాయి. ఆ పేరు చెబితే మొహం తిప్పుకున్నవాళ్లే కెమెరాలు పట్టుకుని వెళ్లారు. వీధిలో ఒక బొమ్మ ఉంటే ఆ వీధిని చూసే చూపు మారుతుందని ఈ మూడు సంగతులూ చెబుతున్నాయి.

మరి మన వాకిట్లో ఉన్నదేమిటి? అదీ వీధి బొమ్మే. వేసినామె సంతకం చేయదు, ఫొటో కోసం ఆగదు. పాలబండి చక్రం దాని మీదుగానే పోతుంది. మధ్యాహ్నానికి సగం చెరిగిపోతుంది. రేపు పొద్దున ఇంకొకటి వేస్తుంది. అంత సులువుగా పోయేదాని మీద అంత శ్రద్ధ ఎందుకని ఆమెను అడిగితే నవ్వుతుంది. ‘పొద్దున తిన్న సంగటి కూడా మద్యానానికి అరిగిపోతాది కదా నాయినా, తినకుండా ఉంటామా?’

దీన్ని చిన్నపనిగా తీసిపారేయడానికి లేదు. మెలికల ముగ్గును గమనించండి. గీత ఏ చుక్కనూ తాకకూడదు. ప్రతి చుక్క చుట్టూ తిరగాలి. మొదలుపెట్టిన చోటికే వచ్చి కలవాలి. 1970ల్లో మద్రాసు క్రైస్తవ కళాశాల ఆచార్యులు గిఫ్ట్ సిరోమణి, ఆయన భార్య రాణి సిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి ఈ ముగ్గుల మీద పరిశోధన చేశారు. బొమ్మలకూ ఒక వ్యాకరణం ఉంటుందని, దాన్ని కంప్యూటర్‌కు నేర్పవచ్చని చూపించడానికి కోలాలనే ఉదాహరణగా తీసుకున్నారు. బడి మొహం చూడని అవ్వలు మనసులోనే కట్టే లెక్క అంతర్జాతీయ పత్రికకు ఎక్కింది.

ముగ్గుపిండి సంగతి కూడా చెప్పుకోవాలి. వెనుక బియ్యప్పిండితోనే వేసేవాళ్లు. చీమలు, పిచ్చుకలు తినిపోయేవి. ఇప్పుడు ఎక్కువగా రాతిపిండే. కొన్ని గడపల ముందర అదీ లేదు. ప్లాస్టిక్ స్టిక్కరు అంటించేశారు. చెరగదు, మారదు. దాన్ని చూసి ‘ఈరోజు ఎన్ని చుక్కలు’ అని ఎవరూ అడగరు.

ముద్ద మింగాల.. నమలకూడదు

ముగ్గు అయ్యాక పొయ్యి. ఈ నేలంతా రాగుల నేల. కృష్ణగిరి, ధర్మపురి, సరిహద్దు అవతల కోలారు, ఇటు పలమనేరు, కుప్పం.. మొరసునాడు అని పెద్దలు పిలిచే ఈ ప్రాంతానికి వానాధార పంట రాగే. తెలుగువాళ్లం సంగటి అంటే తమిళులు కళి అంటారు, కన్నడిగులు ముద్దె అంటారు. మన సంగటిలో కాసిన్ని బియ్యమో నూకలో పడతాయి. కన్నడ ముద్దెలో సాధారణంగా పిండి ఒక్కటే. బాగలూరులో రెండూ ఉడుకుతాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టిక ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 8 మిల్లీగ్రాములు కూడా లేదు. పీచు రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపు. ఇనుము కూడా రాగుల్లోనే ఎక్కువ. మాంసకృత్తుల దగ్గరికొచ్చేసరికి మాత్రం రాగి, బియ్యం కంటే కొంచెం వెనకే ఉంది. అందుకే కాబోలు మన పెద్దవాళ్లు ముద్దను ఒట్టిగా పెట్టలేదు. ఈ కాలంలో అయితే అనపకాయలు. గింజలు నానబెట్టి, వేళ్లతో పితికి, తోలు తీసి పితికిపప్పు చేస్తారు. రాగిలో తక్కువైంది పప్పులో దొరుకుతుంది. పట్టిక చదివి చేసిన జోడీ కాదిది, నాలుక చెప్పిన జోడీ.

ఒకప్పుడు బియ్యపు బువ్వ పండగనాటి మాట. రేషన్ బియ్యం వచ్చాక సంగటి తినేవాడు పేదవాడన్న నామోషీ పట్టుకుంది. ఇప్పుడు చక్రం తిరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది నీలగిరి, ధర్మపురి జిల్లాల రేషన్ దుకాణాల్లో రెండు కిలోల బియ్యానికి బదులు రెండు కిలోల రాగులు ఇచ్చే పథకం తెచ్చింది. మన ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీకి చిరుధాన్యాల ప్రచారానికి ఆ సంవత్సరమే పద్మశ్రీ వచ్చింది.

ఆయన లెక్కలో కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు ‘పాజిటివ్’ ధాన్యాలు. రాగులు, జొన్నలు, సజ్జలు ‘న్యూట్రల్’. ఈ మాట చెబితే బాగలూరు అవ్వ ఒప్పుకుంటుందా? ‘మా రాగులకు మార్కులు తగ్గించినోళ్లు ఎవరు’ అని దెబ్బలాటకొస్తుంది. ఆ తగువు ఎలా ఉన్నా, ఒక జాగ్రత్త అందరికీ అవసరం. రాగి మంచిదే కదా అని మూడు పెద్ద ముద్దలు మింగితే చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో చక్కెర పెరుగుతుంది. మెత్తటి పిండితో పలచగా కాచిన జావ ముద్ద కంటే తొందరగా అరుగుతుంది. కొలత ముఖ్యం. రాగి తింటున్నామని డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేయకూడదు.

.......................................

ఇలా గెలకండి

ఇద్దరికి.. గుప్పెడు బియ్యం లేదా నూకలు, రెండు గ్లాసుల రాగిపిండి, నాలుగు గ్లాసులకు తక్కువ కాకుండా నీళ్లు, ఉప్పు. బియ్యం బాగా మెత్తగా ఉడికాక ఉప్పేసి, పిండిని మధ్యలో కుప్పగా పోయాలి. కలపొద్దు. మంట తగ్గించి మూతపెట్టి ఏడెనిమిది నిమిషాలు వదిలేయాలి. తర్వాత గిన్నెను కదలకుండా పట్టుకుని సంగటికట్టెతో ఉండలు లేకుండా గెలకాలి. చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టాలి. తడిచేత్తో తాకితే అంటుకోకపోతే ఉడికినట్టే. మిగిలిన ముద్దను రాత్రికి నీళ్లలో వేసి, పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డలు కలిపితే అంబలి. పులిసినప్పుడు రాగిలోని ఖనిజాలు ఒంటికి ఇంకా బాగా పడతాయి.

.......................................

ముగ్గు లేకపోతే కబురే

ఇక పాజిటివ్ జీవనం. బాగలూరులో ఈ పేరుతో ఎవరూ బతకడం లేదు. ఉన్నదల్లా ఒక అలవాటు. ఏ వాకిట్లోనైనా పొద్దెక్కినా ముగ్గు పడలేదంటే అది వీధికి కబురు. ఇంట్లో చావు జరిగితే ముగ్గు వేయరు. జ్వరం వచ్చి లేవలేకపోయినా పడదు. అందుకే ఎదురింటామె ఊరుకోదు. ‘ఏమ్మా, ఈ పొద్దు ముగ్గు లేదే, ఒళ్లు బాగుండాదా?’ అంటూ గడప దాకా వస్తుంది. చేతిలో చారు గిన్నె కూడా ఉండొచ్చు.

హోసూరు చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో గడప ముందర ఉండేది నడవా. లిఫ్టు దిగి పోయేవాడికి పక్క తలుపు వెనుక ఎవరు పడకేశారో తెలియదు. ఒంటరితనం పోగొట్టుకోవడానికి ఎన్ని తరగతులకు వెళ్లినా, రోజూ ఒక మనిషి వచ్చి ‘బాగుండావా’ అని అడిగినంత సాయం చేయలేవు.

నడుం నొప్పి ఎవరిది?

అయితే వెనకటి కాలమంతా బంగారమని చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఈ ముగ్గుకు వంగిన నడుము ఎవరిది? కోడి కూయక ముందే లేచి తిరగలి తిప్పి రాగులు విసిరిన చేతులెవరివి? పొయ్యి పొగలో సంగటి గెలికిందెవరు? ఆడవాళ్లే. మగవాళ్లు లేచేసరికి వాకిలి కళకళలాడేది, ముద్ద ఆవిర్లు కక్కేది.

ఇప్పుడు ఆ ఆడవాళ్లు కూడా కంపెనీ బస్సు ఎక్కుతున్నారు. 1970ల్లో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినప్పటి నుంచీ హోసూరు చుట్టుపక్కల ఊళ్లకు సైరనే గడియారం. తొలి షిఫ్టుకు పోయే అమ్మాయిని పదహైదు చుక్కల ముగ్గు వేయలేదని తప్పుబట్టడం ఎంత అన్యాయం! రాత్రి షిఫ్టు నుంచి వచ్చి దారిలో బజ్జీలు, పరోటాలతో కడుపు నింపుకునే అబ్బాయికి కూడా సంగటి గెలకడం రాకపోవడం అంతే తప్పు. ముద్ద కట్టడానికి కావాల్సింది జబ్బ బలం. అది మగపిల్లలకు లేకపోలేదు కదా. ముగ్గు డబ్బా, సంగటికట్టె ఇంట్లో అందరి చేతికీ వస్తేనే ఈ రెండూ నిలుస్తాయి. ఆదివారం ఒక్కరోజు మొదలుపెట్టినా చాలు.

చదవలేని పుస్తకం

ఇక్కడి తెలుగిళ్లలో అటక మీద వెతికితే ఒక పాత నోటుబుక్కు దొరుకుతుంది. అట్ట ఊడిపోయి, నూనె మరకలతో ఉంటుంది. అవ్వ పెళ్లికాక ముందు గీసుకున్న ముగ్గులు. ఒక్కోదాని కింద వంకర అక్షరాల్లో పేరు.. తామరపూలు, చిలకలు, రథం, వైకుంఠవాకిలి. ఎన్ని చుక్కలో, ఎక్కడ తిప్పాలో కూడా రాసుంటుంది.

మనవరాలు ఆ పుస్తకం తెరిస్తే ముగ్గు గీసేస్తుంది. పేరు మాత్రం చదవలేదు. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి ఏటేటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అయ్యింది. తెలుగు, కన్నడం, ఉర్దూ చదివే అల్పసంఖ్యాకులు కోర్టుల దాకా వెళ్లారు. పదో తరగతి పరీక్షలో కొన్నేళ్లు మినహాయింపులూ తెచ్చుకున్నారు. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఈ నేల మీద బతుకుతున్నాం. ఇంగ్లిషు లేకపోతే ఉద్యోగం లేదు, అదీ నిజమే. ఈ రెండిటి మధ్యలో ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరం జారిపోతోంది. నోట్లో తెలుగు ఉంది, కంటికి లేదు.

అందుకే సంక్రాంతి ముగ్గుల్లో ఒక చిన్న ఆలోచన చేయవచ్చు. భోగి నాడు, పండగ నాడు వాకిళ్లలో రంగులు నింపి పిల్లలు ఇంగ్లిషులో ‘హ్యాపీ పొంగల్’ అని, తమిళంలో ‘పొంగల్ వాళ్తుక్కళ్’ అని రాస్తారు. వాటి పక్కనే అవ్వ చెయ్యి పట్టుకుని ఒక్క మాట తెలుగులో రాయించండి. ‘సంక్రాంతి’ అన్నా సరే, ఆ బిడ్డ పేరన్నా సరే. రోజుకో అక్షరమైతే ధనుర్మాసం నెలలో ముప్ఫై అక్షరాలు అవుతాయి. మన అక్షరాలన్నీ గుండ్రాలూ మెలికలే. చుక్కల చుట్టూ తిరిగిన వేలికి ‘అ’ రాయడం ఎంత పని?

వీధిలో ఎదురింటి తమిళ పాప వచ్చి ‘ఇదెన్న కోలం’ అని అడుగుతుంది. ‘ఇది నా పేరు’ అని మన పిల్ల చెబుతుంది. ఆ తర్వాత ఇద్దరూ పోయి ఒకే గడప మీద కూర్చుని ముద్ద తింటారు.