ఆరున్నర అడుగుల బంగారానికి ఎలాంటి ఇల్లు కావాలి?

మా పెద్దమ్మ ఏటా నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి పెట్టి వచ్చే మనిషి. అలాంటి ఆవిడ పోయిన నవంబరులో డాలస్‌లో కొడుకు ఇంటికెళ్ళి, హాల్లో అడుగు పెట్టగానే కెవ్వున కేకేసింది. ఎదురుగా గాజు తొట్టిలో ఆరున్నర అడుగుల పాము! బోవా కన్‌స్ట్రిక్టర్. మధ్య, దక్షిణ అమెరికా అడవుల జాతి. విషం ఉండదు, చుట్టేసి బిగించి చంపుతుంది. ఎవరో పెంచలేక వదిలించుకుంటుంటే మా అన్నయ్య తెచ్చుకుని 'బంగారం' అని పేరు పెట్టాడు.

ముందే చెప్తున్నా, ఇది చదివి హాస్టల్ గదిలో ఎవరూ ప్రయోగాలు చేయకండి. మన కొండచిలువని పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నేను రాస్తున్నది పాము గురించి కూడా కాదు, దాని పెట్టె గురించి. ఎందుకంటే ఆ పెట్టె విషయంలో నేనిచ్చిన సలహా వల్ల బంగారం పొట్ట కాలింది.

డిసెంబరులో అన్నయ్య ఫోన్ చేశాడు. నాలుగడుగుల గాజు తొట్టి, పైన జాలీ మూత, లోపల వేడి నిలవట్లేదట. ఈఈఈ మూడో సంవత్సరం, కంట్రోల్ సిస్టమ్స్‌లో మంచి గ్రేడు, ఆగుతానా! "అడుగున హీట్ మ్యాట్ అంటించు, థర్మోస్టాట్ పెట్టు, దాని సెన్సర్‌ని లోపల నేలకి టేపుతో అతికించు" అని చెప్పేశా. వారం రోజులు బాగానే నడిచింది. తర్వాత తేమకి టేపు ఊడింది. పాము పాకుతూ సెన్సర్ వైరుని లాక్కెళ్ళి నీళ్ళ గిన్నెలో పడేసింది. గిన్నెలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. థర్మోస్టాట్ ఏమనుకుంటుంది? "ఇంకా చలిగానే ఉంది" అనుకుని రాత్రంతా మ్యాట్‌కి కరెంటు ఇస్తూనే ఉంది. సెన్సర్ అబద్ధం చెప్తే కంట్రోలర్ ఎంత నిజాయితీగా పనిచేస్తే అంత ప్రమాదం. ఈ ముక్క మాకు ఏ యూనిట్‌లోనూ రాలేదు.

కాలుతుంటే పాము పక్కకి జరగదా అని నేనూ అడిగాను. చాలాసార్లు జరగదు. అడవిలో దానికి వేడి ముఖ్యంగా పైనుంచి, ఎండ రూపంలో వస్తుంది. పొట్ట కింద నేల మరీ వేడెక్కినా అలాగే చుట్ట చుట్టుకుని పడుకుండిపోయే పాములున్నాయి. పైగా ఆరు కిలోల ఒళ్ళు మ్యాట్ మీద కప్పేస్తే ఆ వేడి బయటికి పోయే దారీ ఉండదు. పొద్దున చూసేసరికి పొట్ట పొలుసులు గోధుమ రంగుకి తిరిగాయి. ఒకచోట టేపు అతుక్కుని పొలుసు లేచింది. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే, పూత మందు రాసి, ఇది నయం కావాలంటే రెండు మూడు కుబుసాలు విడవాలన్నాడట. అంటే నెలల లెక్క.

ఆ తర్వాతే ఇద్దరం కూర్చుని కొత్త పెట్టె గురించి సరిగ్గా ఆలోచించాం.

మొదట సైజు. పెట్టె పొడవు, వెడల్పు కలిపితే పాము పొడవు వస్తే చాలని పాతకాలపు లెక్క ఒకటుంది. ఆ లెక్కన బంగారానికి నాలుగున్నర, రెండు సరిపోవాలి. కానీ అందులో అది ఒక్కసారి కూడా ఒళ్ళు సాపుగా చాచలేదు. ఇప్పుడు పెంచేవాళ్ళలో చాలామంది పాము పూర్తిగా చాచగలగాలి అంటున్నారు, నాకూ అదే న్యాయం అనిపించింది. అన్నయ్య గోడకి ఆరడుగులకి మించి పట్టదు. ఆరు, మూడు పెడితే మూలనుంచి మూలకి 6.7 అడుగులు. ఇంటర్‌లో నేర్చుకున్న లెక్కలు ఇలా పాముకి పనికొస్తాయనుకోలేదు! ఎత్తు రెండడుగులు, అడ్డంగా ఒక లావు కొమ్మ. పెద్ద పెట్టెలో పాము భయపడుతుందంటారు. అది ఖాళీ పెట్టె అయితేనే. వెచ్చటి చివర ఒకటి, చల్లటి చివర ఒకటి దాక్కునే గూళ్ళు పెడితే ఆ బాధ లేదు. ఒక్కటే పెడితే అది దాక్కోవడమా, వెచ్చగా ఉండడమా తేల్చుకోవాల్సి వస్తుంది.

తర్వాత దేంతో చేయాలి? చెక్క అయితే తేమకి ఉబ్బుతుంది, రంగు గట్టిగా వేయకపోతే ఏడాదికే పాడు. మేం పీవీసీ ఫోమ్ బోర్డు ఎంచుకున్నాం. గాజు ఉష్ణవాహకత సుమారు 1, ఫోమ్ బోర్డుది 0.1 కన్నా తక్కువ. పదింతలు లాభం అని అన్నయ్య మురిసిపోయాడు కానీ, హీట్ ట్రాన్స్‌ఫర్ చదివిన మెకానికల్ మిత్రుడు నవ్వాడు. గోడకి రెండు పక్కలా ఉండే గాలి పొరల నిరోధం కూడా కలిపి లెక్కేస్తే గోడల్లోంచి పోయే వేడి దాదాపు సగానికి తగ్గుతుంది, అంతే. అసలు దొంగ జాలీ మూత. వెచ్చటి గాలి, తేమ రెండూ దాంట్లోంచే పైకి పోతుండేవి. పై కప్పు మూసేసి, పక్క గోడలకి చిన్న చిల్లులు పెట్టగానే తేమ 60 శాతం దగ్గర నిలిచింది. కింద పరవడానికి కొబ్బరి పొట్టు ఇటుకలు కొని నీళ్ళలో నానబెట్టాడు. దానికి డాలర్లు పోశాడని పెద్దమ్మ ఇప్పటికీ తిడుతుంది.

వేడి ఈసారి పైనుంచి. కప్పుకి బిగించే రేడియంట్ ప్యానెల్. బల్బు పెట్టేవాళ్ళు దాని చుట్టూ తప్పకుండా తీగ గూడు కట్టాలి, లేకపోతే పాము బల్బుకే చుట్టుకుంటుంది. ప్యానెల్ కింద 32 డిగ్రీలు, అవతలి చివర 26. సెన్సర్‌ని స్క్రూ, క్లిప్పుతో గోడకి బిగించాం, టేపు మాట ఎత్తలేదు. ఇంకో థర్మోస్టాట్ వేరే సెన్సర్‌తో సిరీస్‌లో ఉంది. 36 దాటితే మొదటిది ఏం చెప్తున్నా సరే, కరెంటు ఆపేస్తుంది.

తలుపు ముందు వైపు. పైనుంచి చెయ్యి పెడితే గద్ద వచ్చిందనుకుని బెదురుతుంది. జరిపే గాజు పలకలకి తాళం ఉండాల్సిందే. పాము ముక్కుతో నెడుతూ సందు దొరికేదాకా ఊరుకోదు. ఆ తాళం పెద్దమ్మ పట్టుబట్టి తనే కొనిపించింది, ఒకటి కాదు రెండు.

మార్చి చివర్లో బంగారం కొత్త పెట్టెలో మొదటిసారి కుబుసం విడిచింది. పాత తొట్టిలో తేమ చాలక ముక్కలు ముక్కలుగా, కళ్ళ మీద పొరలు మిగిలిపోయి వచ్చేది. ఈసారి తలనుంచి తోకదాకా ఒక్క ముక్క. పొట్ట దగ్గర మచ్చ ఇంకా ఉంది, కాకపోతే పలచబడింది. అన్నయ్య ఆ కుబుసాన్ని చెత్తబుట్టలో వేయబోతే పెద్దమ్మ వేయనివ్వలేదట. కవర్లో మడిచి సూట్‌కేసులో పెట్టుకుంది.