బంతి దొరుకుతుంది, మైదానం ఎవరిది?
కొత్తచెరువు నుంచి ఐస్‌లాండ్ దాకా పిల్లల ఫుట్‌బాల్

కొత్తచెరువు మండలంలో ఒక ఎస్సీ కాలనీ. అక్కడ పదేళ్ల అమ్మాయి ఉందనుకుందాం. కాళ్లలో వేగం ఉంది, బంతి ఎటు పోతుందో ముందే పసిగట్టే చూపు ఉంది. ఆమె ఫుట్‌బాల్ ఆటగత్తె కావాలంటే ఏం కావాలి? నడిచి వెళ్లగలిగే దూరంలో మైదానం. ఆట తెలిసిన శిక్షకుడు. వారం వారం మ్యాచ్‌లు. కడుపునిండా తిండి. సాయంత్రం పూట ఇంటి పనుల నుంచి రెండు గంటల విడుదల. ఈ ఐదింటికీ ఇంట్లో వాళ్లు డబ్బు కట్టనవసరం లేకపోవడం.

ఆమెలో ప్రతిభ ఉందా లేదా అన్నది ఈ జాబితాలో లేదు. ప్రతిభ అన్ని దేశాల్లో, అన్ని వాడల్లో పుడుతుంది. తేడా వచ్చేది ఆ తర్వాతే. పిల్లల ఫుట్‌బాల్‌ను వేర్వేరు దేశాలు ఎలా నడుపుతున్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

మూడు లక్షల మంది దేశం

2016 యూరో కప్‌లో ఐస్‌లాండ్ 2-1 తేడాతో ఇంగ్లండ్‌ను ఇంటికి పంపింది. అప్పటికి ఐస్‌లాండ్ జనాభా సుమారు 3.3 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 40.8 లక్షలు. అంటే మన పాత జిల్లాలో పన్నెండో వంతు జనం ఉన్న దేశం అది. 2018లో ప్రపంచకప్‌కూ వెళ్లింది.

ఏడాదిలో సగం రోజులు మంచు, గాలి, చీకటి ఉండే ఆ దేశంలో ఇది ఎలా సాధ్యమైంది? 2000 ప్రాంతం నుంచి ఊళ్లలో పైకప్పున్న ఆట హాళ్లు కట్టారు. బడుల పక్కనే కృత్రిమ గడ్డితో చిన్న మైదానాలు వేశారు. వందల మందికి యూరప్ ఫుట్‌బాల్ సంఘం గుర్తించిన శిక్షకుల లైసెన్సులు ఇప్పించారు. అక్కడ ఐదారేళ్ల పిల్లలకు కూడా జీతం తీసుకునే, చదువుకున్న శిక్షకుడే ఆట నేర్పుతాడు. క్లబ్బులకు ఫీజు ఉంటుంది గానీ, రెయిక్యావిక్ నగర పాలక సంస్థ పిల్లల ఆటపాటల ఖర్చుకు ఒక్కొక్కరికి ఏటా కొంత మొత్తం ఇస్తుంది. వాళ్లు కోటి మందిలోంచి పదకొండు మందిని ఏరలేదు. ఉన్న కొద్దిమంది పిల్లల్లో ఎవరినీ వదల్లేదు.

ఓడిపోయాక జర్మనీ ఏం చేసింది?

2000 యూరో కప్‌లో జర్మనీ తన గ్రూపులో అట్టడుగున నిలిచింది. ఆ అవమానం తర్వాత ఆటగాళ్లను తిట్టి ఊరుకోలేదు. మొదటి రెండు డివిజన్ల క్లబ్బులన్నీ పిల్లల అకాడమీలు నడపాలని నిబంధన పెట్టారు. 2002లో దేశమంతటా 360కి పైగా శిక్షణ కేంద్రాలు తెరిచారు. పెద్ద క్లబ్బుల కంట పడని మారుమూల పల్లెల పిల్లలకు వారానికి ఒకసారి ఉచితంగా అదనపు శిక్షణ ఇవ్వడం వాటి పని. పిల్లవాడు కేంద్రాన్ని వెతుక్కుంటూ పోవడం కాదు, కేంద్రమే పిల్లవాడి దగ్గరికి రావాలన్నది అందులోని సూత్రం. 2014లో జర్మనీ ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టులో టర్కీ వలస కుటుంబపు బిడ్డ మెసుట్ ఓజిల్ కూడా ఉన్నాడు.

ఫ్రాన్స్‌లో క్లెయిర్‌ఫాంటైన్ జాతీయ కేంద్రం 1988లో మొదలైంది. కిలియన్ ఎంబాపె అక్కడ శిక్షణ పొందాడు. కానీ అతని ఆట మొదలైంది అక్కడ కాదు. ప్యారిస్ శివార్లలో వలస వచ్చిన శ్రామికులు ఎక్కువగా ఉండే బోండీలో, ఊరి క్లబ్బులో మొదలైంది. జాతీయ కేంద్రం పై మెట్టు అయితే, బోండీ కింది మెట్టు. కింది మెట్టు లేని నిచ్చెన ఎవరూ ఎక్కలేరు.

డబ్బున్నవాళ్ల ఆట, చట్టం తెచ్చిన ఆట

అమెరికా నుంచి రెండు పాఠాలు నేర్చుకోవాలి. ఒకటి ఏం చేయకూడదో చెబుతుంది. అక్కడ పిల్లల పోటీ క్లబ్బుల్లో చేరాలంటే తల్లిదండ్రులు ఏటా వేల డాలర్లు కట్టాల్సి వస్తుంది. పేద నల్లజాతి, లాటినో పిల్లల్లో ఎందరో ఆ గేటు దగ్గరే ఆగిపోతారు. అంత ధనిక దేశమైనా పురుషుల ప్రపంచకప్ ఒక్కసారీ గెలవలేదు.

రెండోది ఏం చేయాలో చెబుతుంది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం, ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడపిల్లల పట్ల వివక్ష చూపరాదని చెప్పింది. దాంతో బడులు, కాలేజీలు అమ్మాయిలకూ జట్లు పెట్టాల్సి వచ్చింది. 1991లో జరిగిన మొదటి మహిళల ప్రపంచకప్‌ను అమెరికా గెలిచింది, ఆ తర్వాత మరో మూడు గెలిచింది. రిజర్వేషన్లు ప్రతిభను చంపుతాయని వాదించేవాళ్లకు ఇది చెప్పాలి. ఇక్కడ ప్రతిభకు తలుపు తీసింది చట్టమే.

వాస్కో ద గామా చెప్పిన 'కుదరదు'

బ్రెజిల్ అంటే వీధుల్లో పుట్టిన ఆట అని అందరూ అంటారు. ఆ వీధి పిల్లలు మైదానంలోకి పోరాడి వచ్చారన్నది తక్కువగా చెబుతారు. 1923లో రియో నగరంలో వాస్కో ద గామా క్లబ్బు నల్లవాళ్లు, కూలీలు ఉన్న జట్టుతో ఛాంపియన్ అయింది. మరుసటి ఏడు పెద్ద క్లబ్బులన్నీ విడిపోయి వేరే లీగ్ పెట్టుకున్నాయి. చదువు, ఉద్యోగం సరిగా లేవన్న సాకుతో పన్నెండు మంది ఆటగాళ్లను తీసేస్తేనే చేర్చుకుంటామన్నాయి. 1924 ఏప్రిల్‌లో వాస్కో అధ్యక్షుడు ఆ షరతుకు ఒప్పుకోం, లీగ్‌లో చేరం అని లేఖ రాశాడు.

'అర్హత' పేరుతో గేటు మూయడం మనకు కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గొప్ప బౌలర్‌గా పేరు తెచ్చుకున్న పల్వంకర్ బాలూకు పూణేలో తోటి ఆటగాళ్లతో కలిసి టీ తాగే వీలు లేదు. విడిగా మట్టి పాత్రలో ఇచ్చేవారు. అంత ఆడినా తన జట్టుకు కెప్టెన్ కానివ్వలేదు. వందేళ్ల తర్వాత, 2021 ఒలింపిక్స్ సెమీఫైనల్లో భారత హాకీ జట్టు ఓడగానే వందనా కటారియా ఇంటి ముందు కులం పేరుతో తిట్టారు. 2022 ప్రపంచకప్ ఫైనల్లో ఓడాక ఫ్రాన్స్ నల్లజాతి ఆటగాళ్లకూ ఇలాంటి దూషణలే ఎదురయ్యాయి. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే కులం బిడ్డ. మైదానంలోకి రానిచ్చినంత మాత్రాన పని అయిపోదని ఇవి చెబుతున్నాయి.

మన దగ్గరా ఒకప్పుడు ఉంది

తెలుగు నేలకు ఫుట్‌బాల్ పరాయిది కాదు. హైదరాబాద్‌లో బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ తరంవాడే. రహీం కుర్రాళ్లకు ఒక్క తాకుతోనే బంతి అందించే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవాడు. అంటే పద్ధతి తెలిసిన శిక్షకుడు ఉన్నాడు, ఆటగాడికి అన్నం పెట్టే పోలీసు ఉద్యోగం ఉంది. 1963లో రహీం పోయాక ఆ పద్ధతిని అందుకునే వ్యవస్థ నిలబడలేదు.

ఇప్పుడు మన జిల్లాల్లో ఆ లోటును కొంత పూడ్చింది ప్రభుత్వం కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి సంస్థ, మనందరి నోట ఆర్డీటీ. అనంతపురంలో దాని క్రీడా గ్రామం ఉంది. స్పెయిన్ లా లిగా ఫౌండేషన్ తోడ్పాటు ఉంది. పల్లెల పిల్లలు, అందులో దళిత, గిరిజన బిడ్డలు అక్కడ బూట్లు కట్టుకుని ఆడుతున్నారు. ఇది చిన్న పని కాదు. అయితే 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడినప్పుడు జనం రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆసుపత్రి, బడి, ఇల్లు, ఆట అన్నీ ఒక్క అనుమతి కాగితానికి వేలాడుతున్నాయని ఆ రోజు తెలిసింది. జర్మనీ పిల్లలకు హక్కులా అందే శిక్షణ మన పిల్లలకు దాతృత్వంగా అందుతోంది. దాత చేయి వెనక్కి తీసుకుంటే ఏమవుతుంది?

కొత్తచెరువులో అడగాల్సినవి

2025 జూలై 10న కొత్తచెరువు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి తల్లిదండ్రుల సమావేశానికి వచ్చారు. తలచుకుంటే ప్రభుత్వం పల్లె బడికి రాగలదు. అది రోజూ సాయంత్రం నాలుగింటికి శిక్షకుడి రూపంలో రావాలి.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు బోధకుడు ఉండాలంటోంది. ప్రభుత్వ నిధులతో నడిచే బహిరంగ స్థలాలను వాడుకోకుండా కులం పేరుతో ఎవరినీ ఆపరాదని రాజ్యాంగం 15(2) అధికరణ చెబుతోంది. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం ప్రకారం అలా ఆపడం నేరం. సబ్‌ప్లాన్ నిధులకు 2013 చట్టం ఉంది.

కాబట్టి విద్యార్థులు, కార్యకర్తలు ముందు సమాచార హక్కు కింద నాలుగు ప్రశ్నలు వేయవచ్చు. మండలంలో ఏ బడికి ఎంత ఆటస్థలం ఉంది? వ్యాయామ ఉపాధ్యాయుల ఖాళీలెన్ని? సెంటు, సెంటున్నర చొప్పున స్థలాలిచ్చిన కాలనీల్లో ఆటకు వదిలిన జాగా ఎంత? సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో క్రీడలకు ఏటా ఖర్చు చేసిందెంత?

రాష్ట్ర క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 3 శాతానికి పెంచింది. మంచిదే. కానీ ఆ కోటాకు రాష్ట్ర, జాతీయ పోటీల సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్‌కు మ్యాచ్ కావాలి, మ్యాచ్‌కు మైదానం కావాలి. 2023 డిసెంబరులో ఊరూరా మొదలైన 'ఆడుదాం ఆంధ్రా' పోటీల్లో ఫుట్‌బాలే లేదు. కింది మెట్టు వేయకుండా పై మెట్టును పెంచితే, ఎక్కేది ఇప్పటికే సగం దూరం ఎక్కినవాళ్లే.

దారి ఉంటే మన పిల్లలు ఎక్కడిదాకా వెళ్తారో చూశాం. 2014లో సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది.

కొత్తచెరువు కాలనీలోని ఆ పదేళ్ల అమ్మాయి కూడా సౌమ్య అవుతుందో కాదో మనం చెప్పలేం. ఐస్‌లాండ్ పిల్లలందరూ ప్రపంచకప్ ఆడలేదు కదా. కానీ అక్కడ ప్రతి పిల్లకూ ఆడే చోటు ఉంది. ఆమెకూ ఆ చోటు కావాలి, బడి గేటు సాయంత్రం కూడా ఆమె కోసం తెరిచి ఉండాలి.