పసిడియాకుల లైలాకు

ఆఫ్గనిస్థానము మొదలు నేపాళము వరకు, హిమాలయపు వాలులందు 2000 మీటర్లకు పైబడిన ఎత్తున, రెండు నిలువుల పొద యొకటి పెరుగును. దానిని ఆంగ్లేయులు లైలాక్ అందురు. నేను లైలాకు అందును. తుద వినబడు 'ఆకు' మన ఆకు కాదు. నీలవర్ణమును దెలుపు పారసీక పదము పడమటికి బోయి ఇట్లు మారినది. దానికి మన 'నీల' శబ్దమే మూలమని భాషావేత్తల మతము. మా బోటి పండితులకు ఇది చెప్పక తోచదు. తురకవేపను గూడ కొందరు పారసీక లైలాకనుట కలదు గాని, రెంటికిని చుట్టరికము లేదు. దీని చుట్టములు మన మల్లెయు పారిజాతమును.

ఈ పొదకు సహజముగ ఆకు పచ్చనిదే. ఆకెల్ల పసిడివన్నె గల భేదమును, నడుమ మాత్రమే పచ్చనగు భేదమును తోటలలో అరుదుగ పెంచెదరు. చూపరులకది ఐశ్వర్యము, చెట్టునకు లేమి. ఎండను గ్రహించి ఆహారము వండునది పత్రహరితము. అది తగ్గినచోట మరుగుననున్న పసుపు బయటపడును. వండువారు తక్కువైన యింటివలె పొద మెల్లగ పెరుగును.

జాగ్రత్తలన్నియు ఇందుండి పుట్టినవే. మధ్యాహ్నపుటెండకు లేతయాకు మాడును. చిక్కని నీడలో పసిడి మాసి పచ్చబారును. ఉదయపుటెండయు, నీరు నిలువని నేలయు మేలు. అప్పుడప్పుడొక కొమ్మ పూర్వపు పచ్చదనమునకు మరలును. బలముగ నున్నదని మురిసి దానిని విడువరాదు. దానికి తిండి సమృద్ధి. ఉపేక్షించినచో కొన్ని యేండ్లకు పొదనంతయు నాక్రమించును, పసిడి పేరునకే మిగులును. కనబడిననాడే మొదలంట కోయవలెను. అంటుమొక్కయైనచో అంటునకు దిగువ లేచు పిలకలను గూడ తీసివేయవలెను. విత్తనమున తల్లివన్నె నిలుచునను నమ్మకము లేదు. కొమ్మను వంచి మట్టిలో పాతి, వేళ్లూనిన పిదప వేరుచేయు నేలంటే తగినది. పూమొగ్గలు గతయేటి కొమ్మలందే పుట్టును గనుక, కత్తిరింపు పూలు వాడిన వెంటనే జరుగవలెను. పూల వాసన మాత్రము మల్లెకు చాల దూరము.

మన మైదానములలో దీనికి చలి చాలదు; కొనవలదు. మన వీథులలో కంచెకు వేయు పసుపుటాకుల, ఊదాపూల మొక్క డ్యురాంటా. అమెరికా ఖండపు ఉష్ణదేశములది, లైలాకు కాదు. పచ్చకొమ్మను కోయు నియమము దానికిని చెల్లును. దాని పసుపు కాయలు విషము, పిల్లలకు అందనీయరాదు.