గుండె ముందా, ఊపిరి ముందా?

1889లో హైదరాబాద్ నగరంలో కొందరు వైద్యులు ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి కూర్చున్నారు. క్లోరోఫామ్ మత్తులో రోగి ప్రాణం పోతే, ముందుగా ఆగేది శ్వాసా, గుండెనా? వినడానికి ఇది పండితుల వాదులాటలా అనిపించవచ్చు. కానీ శస్త్రచికిత్స బల్ల పక్కన నిలబడిన వైద్యుడికి అది చావుబతుకుల సందేహం. అతడు రోగి ఛాతీ కదలికను కనిపెట్టి ఉండాలా, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని ఉండాలా?

క్లోరోఫామ్ మత్తుమందుగా వాడుకలోకి వచ్చింది 1847లో. మరుసటి సంవత్సరం జనవరిలోనే, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక కాలిగోరు తీయించుకునేందుకు ఆ మందు పీల్చి, కొద్ది నిమిషాల్లోనే మరణించింది. ఆ తరువాత ఇలాంటి మరణాలు మరికొన్ని సంభవించాయి. పెద్ద కోతలకు తట్టుకున్న మనుషులున్నారు. చిన్నపాటి చికిత్సకు వచ్చి, మత్తు పూర్తిగా ఎక్కకముందే కన్నుమూసిన ఆరోగ్యవంతులూ ఉన్నారు. ఈ విచిత్రమే వైద్యులను కలవరపెట్టింది.

హైదరాబాద్ వైద్య పాఠశాల 1846లో నాసిరుద్దౌలా పాలనలో ఏర్పడింది. తొలి దశాబ్దాలలో అక్కడ వైద్యశాస్త్రాన్ని ఉర్దూలో బోధించేవారు. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. 1880ల చివరలో దానికి అధిపతి ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫామ్ శ్వాసనే ముందుగా ఆపుతుందని, గుండె గురించి దిగులు అనవసరమని ఆయన దృఢ విశ్వాసం. 1888లో ఒక సంఘాన్ని నియమించి పరీక్షలు జరిపించారు. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక ఆ ఫలితాలను శంకించింది. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఖర్చు భరించడంతో, లాడర్ బ్రంటన్ అనే ప్రఖ్యాత వైద్యుడు లాన్సెట్ ప్రతినిధిగా హైదరాబాద్ వచ్చారు. రెండవ సంఘం వందలాది మూగజీవాలపై ప్రయోగాలు చేసింది. ఆ వివరాలు చదువుతుంటే నేటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ పరిశోధనలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూంజీ తరువాత హైదరాబాద్ ఆసుపత్రులలో మత్తువైద్యురాలిగా పనిచేశారు. స్త్రీలు వైద్యవిద్యలో అడుగుపెట్టడమే అరుదైన కాలమది.

సంఘం తీర్పు లారీ పక్షాన వచ్చింది: శ్వాసే ముందు ఆగుతుంది, కాబట్టి శ్వాసను కనిపెట్టండి. ఆ తీర్పు సగమే నిజమని తేలడానికి మరో 22 ఏళ్లు పట్టింది. ఆ మిగతా సగాన్ని అర్థం చేసుకోవాలంటే మన దేహంలోకి కాస్త తొంగిచూడాలి.

శ్వాసకు మూలస్థానం మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట ఉన్న మజ్జాముఖం. అది ప్రధానంగా కనిపెట్టేది ప్రాణవాయువును కాదు, రక్తంలో పేరుకునే బొగ్గుపులుసు వాయువును. అది కాస్త పెరిగినా ఊపిరి వేగం పెంచమని ఛాతీ కండరాలకు ఆజ్ఞ వెళుతుంది. (ఈత నేర్చే పిల్లలు నీళ్లలో మునిగే ముందు గబగబా పెద్ద ఊపిరులు తీసుకోవడం ఇందుకే ప్రమాదం. బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవడంతో ఊపిరి పీల్చాలన్న హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోగా ప్రాణవాయువు తరిగి, పిల్లవాడు నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు. బావులూ చెరువులూ ఉన్న ఊళ్లలో పెద్దలు ఈ సంగతి పిల్లలకు చెప్పి తీరాలి.) మత్తు మోతాదు మితిమీరితే ఈ మజ్జాముఖమే మొద్దుబారుతుంది. ఊపిరి ముందుగా ఆగిపోతుంది. హైదరాబాద్ వైద్యులు చూసింది దీన్నే.

గుండె తీరు వేరు. దాని లయ దానిలోనే పుడుతుంది. కుడి కర్ణిక గోడలోని చిన్న కణజాలం మెదడు ఆజ్ఞ లేకుండానే ప్రతి స్పందననూ మొదలుపెడుతుంది. మెదడు నుండి వచ్చే వేగస్ నరం కళ్లెంలా ఆ వేగాన్ని తగ్గిస్తుంది. సహానుభూత నరాలు పెంచుతాయి. వీటికి తోడు మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులు భయంలో, నొప్పిలో అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. క్షణాల్లో గుండె దడదడలాడేది అందుకే. 1889లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. అడ్రినలిన్‌ను శుద్ధరూపంలో వేరుచేసింది 1901లో, జొకిచి తకమినె అనే జపాను శాస్త్రజ్ఞుడు. ‘హార్మోన్’ అనే మాటను వైద్యభాషలోకి 1905లో స్టార్లింగ్ తెచ్చాడు.

1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలు అసలు ముడి విప్పాయి. లోతైన మత్తు కాదు, తేలికపాటి మత్తే ఇక్కడ ప్రమాదం. క్లోరోఫామ్ సోకిన గుండె అడ్రినలిన్‌ను తట్టుకోలేదు. జఠరికలు సంకోచించడం మాని వట్టినే వణకసాగుతాయి. రక్తప్రసరణ అక్కడికక్కడ నిలిచిపోతుంది. సగం మత్తులో భయపడిన మనిషికి, కత్తి తగిలిన నొప్పికి, అడ్రినలిన్ తన దేహం నుండే పొంగుకొస్తుంది. చిన్న చికిత్సలకు వచ్చిన ఆరోగ్యవంతులు మొదటి నిమిషాల్లోనే ఎందుకు పోయారో ఇలా తెలిసింది.

లారీని తప్పుపట్టడం తేలికే. కానీ శ్వాసను క్షణక్షణం గమనించాలన్న ఆయన పట్టుదల వల్ల బతికిన రోగులు ఉండే ఉంటారని మేము భావిస్తున్నాము. పొరపాటు, గుండెను లెక్కలోంచి తీసేయడంలో ఉంది.

క్లోరోఫామ్ ఇప్పుడు శస్త్రచికిత్స గదుల్లో లేదు. శ్వాసా, నాడీ రెండింటినీ యంత్రాలు ఏకకాలంలో తెరపై చూపుతాయి. అయినా రోగి నోరు విప్పి చెబితేనే తెలిసే సంగతులు కొన్ని ఉన్నాయి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నా, రక్తపోటు మాత్రలు వాడుతున్నా, ఇంట్లో ఎవరికైనా గతంలో మత్తుమందు పడకపోయినా మత్తువైద్యునికి ముందుగానే తెలియజేయాలి. ఏ మాత్ర ఆపాలో, ఏది ఆ ఉదయం కూడా వేసుకోవాలో ఆయననే అడగాలి. “చిన్న ఆపరేషనే కదా, ఇవన్నీ ఎందుకు” అని ఇంటివారు ఆ కాగితంలో అన్నింటికీ ‘లేదు’ అని రాయించడం మనం తరచూ చూస్తున్నాము. హన్నా గ్రీనర్‌కు తీయవలసిందీ ఒక కాలిగోరే.