సాగరతీరాన సహపంక్తి

ఆంధ్రప్రదేశ్‌కు తూర్పున బంగాళాఖాతం దాదాపు వేయి కిలోమీటర్ల పొడవున విస్తరించి ఉంది. ఈ తీరంలోని విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి పట్టణాలలో చేపలను, రొయ్యలను, పీతలను వండి వడ్డించే చిన్న హోటళ్లు అనేకం. సెలవు దినాలలో కళాశాల విద్యార్థులు నలుగురైదుగురు కలిసి అక్కడికి వెళ్లడం నేడు పరిపాటి. ఆడంబరం లేని ఆ భోజనశాలలో ఒకే బల్ల చుట్టూ కూర్చొని, ఒకే పళ్లెంలోని వేపుడును పంచుకొని తినడం స్నేహాన్ని పెంపొందిస్తుంది.

ఆ బల్ల వద్ద కనిపించే సమానత్వం సులభంగా లభించినది కాదు. ఒకప్పుడు మన సమాజంలో కులాన్నిబట్టి భోజనపంక్తులు వేరుగా ఉండేవి. ఆ భేదాన్ని తొలగించడానికి సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనాలు ఏర్పాటు చేశారు. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలలోకి ఎవరి ప్రవేశాన్నీ అడ్డగించరాదని 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 15వ అధికరణంలో శాసించింది.

తీరప్రాంతపు వంటలలో ఒక్కొక్క చేపకు ఒక్కొక్క ప్రత్యేకత ఉంది. ముళ్లు తక్కువగా ఉండే వంజరాన్ని గుండ్రని ముక్కలుగా కోసి, కారం పట్టించి పెనంమీద వేయిస్తారు. చందువ బల్లపరుపుగా ఉంటుంది కనుక దానిని ముక్కలు చేయకుండానే వేయించవచ్చు. చింతపండు రసంలో ఉడికించిన చేపల పులుసు ఒక పూట నిలవ ఉంటే రుచి మరింత పెరుగుతుందని తీరవాసుల అనుభవం. “పుస్తెలమ్మి అయినా పులస తినాలి” అనే సామెత గోదావరి సీమలో ప్రసిద్ధం. సముద్రంలో విలసగా పిలువబడే చేపయే వరదకాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీది వచ్చి పులస అవుతుంది. ఇక హోటళ్లలో వడ్డించే రొయ్యలలో అధికభాగం సముద్రంలో పట్టినవి కావు, చెరువులలో పెంచినవి. 2009లో మన దేశంలో సాగుకు అనుమతి పొందిన వనామి రొయ్య వీటిలో ముఖ్యమైనది.

చేపల లభ్యతకు, ఋతువుకు దగ్గరి సంబంధం ఉంది. అనేక జాతుల సంతానోత్పత్తికి అవకాశం కల్పించడానికి తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవలతో సముద్రంలో వేట నిషిద్ధం. ఈ కాలంలో ఉపాధి కోల్పోయే మత్స్యకార కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తున్నది. 2019లో 10,000 రూపాయలుగా ఉన్న ఆ మొత్తం 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. విద్యార్థుల వేసవి సెలవులు కూడ సరిగ్గా ఈ రోజులలోనే వస్తాయి. అప్పుడు పెద్ద సముద్రపు చేప కావాలని పట్టుబట్టినవారికి మంచులో నిలవచేసిన సరకు అధిక ధరకు లభించవచ్చు. ఆ రెండు నెలలలో చెరువు చేపలను, రొయ్యలను ఎంచుకోవడం వివేకం. గుడ్లు పెట్టవలసిన చేపలను విచ్చలవిడిగా పట్టి తింటే మరుసటి సంవత్సరాలలో వలలు ఖాళీగా తిరిగి వస్తాయి.

కొన్ని హోటళ్లలో పచ్చి చేపలను మంచుగడ్డలపై పేర్చి చూపుతారు. తాజా చేప కళ్లు తేటగా, ఉబ్బెత్తుగా ఉంటాయి. మొప్పలు ఎర్రగా ఉంటాయి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడుకొంటుంది. దుర్వాసన వచ్చే చేపను తిరస్కరించాలి. ధర సాధారణంగా తూకాన్నిబట్టి, ఆనాటి రాబడినిబట్టి మారుతుంది. అందువలన వండక ముందే తూకం, ధర అడిగి తెలుసుకోవాలి. లేనిచో భోజనానంతరం వచ్చే బిల్లు అందరినీ ఇబ్బంది పెడుతుంది. మిత్రులలో ఒకని వద్ద డబ్బు తక్కువగా ఉండవచ్చు. అతడు ఆ మాట పైకి చెప్పలేకపోవచ్చు. ఎంత ఖర్చు చేయదలచినదీ హోటలులో అడుగు పెట్టక ముందే నిర్ణయించుకొంటే ఎవరి ఆత్మాభిమానమూ దెబ్బతినదు.

మిత్రభోజనంలో మరువరాని విషయం మరొకటి ఉంది. రొయ్యలు, పీతలు కొందరి శరీరానికి సరిపడవు. అవి తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు లేవడం, పెదవులు వాయడం, తీవ్రమైన సందర్భాలలో ఊపిరి ఆడకపోవడం సంభవిస్తాయి. రొయ్యలు వేయించిన నూనెలోనే చేపను వేయించినా ప్రమాదమే. ఊపిరి ఆడని స్థితిలో క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి. కనుక వద్దన్న మిత్రుని “ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?” అని బలవంతపెట్టడం పరిహాసం కాదు, ప్రాణంతో చెలగాటం. శాకాహారి అయిన మిత్రుని అభిరుచిని మన్నించడం కూడ సంస్కారమే.

తెల్లవారకముందే పడవ నడిపి అలలతో పోరాడే మత్స్యకారుని శ్రమ, వంటశాలలో సెగకు ఓర్చుకొనేవారి శ్రమ పళ్లెంలోని ప్రతి ముక్కలోను ఉన్నాయి. కావలసినంతే తెప్పించుకొని, మిగల్చకుండ తిని, వడ్డించినవారిని మర్యాదగా పలకరించే విద్యార్థులు ఆ శ్రమను గౌరవించినవారవుతారు.