ఒక్క దేవుణ్ణి నమ్మితే మిగతావన్నీ అబద్ధమేనా?

మొహర్రం వచ్చిందంటే అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడుకు దారులన్నీ కిటకిటలాడతాయి. రాయలసీమ నుంచే కాదు, కర్ణాటక నుంచీ జనం అక్కడి పీరు కుళ్లాయిస్వామి దగ్గరికి వస్తారు. వాళ్లలో ఎక్కువమంది హిందువులే. పీర్ల చావిడిలో చక్కెర చదివించి, పక్కనే ఉన్న ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టి పోతారు. మొక్కు ఉన్నవాళ్లు ఆ కొద్దిరోజులూ ఫకీర్లవుతారు. దారం కట్టుకుని, నీసు, మందు మానేసి, నేలమీద పడుకుంటారు. పీర్లు నిప్పుల గుండం దాటే వేళ ‘గోవింద’ అన్న కేక వినబడినా అక్కడ ఎవరూ వింతపడరు. ఈ స్వామి పేరు పెట్టుకున్న కుళ్లాయప్పలు రెండు మతాల్లోనూ ఉన్నారు. పేరొక్కటే విని మతం చెప్పడం బడిపంతులుకు కూడా కష్టమే.

మొహర్రం నాడు తలుచుకునేది క్రీ.శ. 680లో కర్బలాలో ప్రాణాలొదిలిన ప్రవక్త మనుమడు హుస్సేన్‌ను. ఆయన పేరు మీద ఎత్తిన పీరుకు మొక్కిన వేరుశనగ రైతు, ముహమ్మద్ చివరి ప్రవక్త అన్న ఇస్లాం సిద్ధాంతాన్ని ఒప్పుకున్నట్టేనా? కాదు. ఆ మాట అతన్ని ఎవరూ అడగరు, అతనికీ తోచదు. వాన కురవాలి, బిడ్డకు నయం కావాలి, ఈ స్వామి చల్లగా చూడాలి. అతని లెక్క అంతవరకే.

అలాగని సిద్ధాంతాల మధ్య తేడా లేదనుకుంటే పొరపాటు. యేసు శిలువ మీద చనిపోయి తిరిగి లేచాడన్నది క్రైస్తవానికి ప్రాణం. ఆయన్ను శిలువ వేయనే లేదంటుంది ఖురాన్. చనిపోయాక మళ్లీ పుట్టుక ఉంటుందని హిందువులు, బౌద్ధులు, జైనులు అంటే, బతుకు ఒక్కటే, తర్వాత తీర్పేనని క్రైస్తవులు, ముస్లింలు అంటారు. ఒకదానికొకటి ఎదురైన ఇలాంటి మాటలు రెండూ నిజం కావడం కుదరదు. కాబట్టి ఒక మతాన్ని మనసారా నమ్మినవాడు, దానికి ఎదురుపడే మాట దగ్గర అవతలివాళ్లు పొరబడ్డారనే అనుకుంటాడు. ‘అన్నీ ఒకటే’ అనేస్తే గొడవ వదిలిపోయినట్టుంటుంది గానీ, అలా అనేవాళ్లు చాలాసార్లు ఏ మతం మాటా పూర్తిగా విని ఉండరు.

ఆ పొరపాటు ఆ ఒక్క మాటకే పరిమితం. అవతలి మతం మొత్తానికీ చుట్టుకోదు. శిలువ దగ్గర విడిపోయిన ఆ రెండు మతాలే యేసు పుట్టుక దగ్గర కలుస్తాయి. ఆయన కన్య మరియకు పుట్టాడని ముస్లింలూ నమ్ముతారు. ఖురాన్‌లో ఒక అధ్యాయం పేరే మర్యమ్. ఉపవాసం, దానం, అబద్ధం ఆడొద్దనడం లాంటి వాటి దగ్గర పేచీయే లేదు.

పరాయి మతాన్ని ఎక్కడ నిలబెట్టాలన్న ప్రశ్నకు పండితుల జవాబులు ఇంచుమించు మూడు రకాలు. మాదే నిజం, తక్కినవి కాదు అన్నది మొదటిది. నిండు సత్యం మా దగ్గరే ఉంది, దాని వెలుగు కొంత మిగతా చోట్లా ఉంది అన్నది రెండోది. దారులు వేరు, చేరే చోటు ఒకటే అన్నది మూడోది.

రోమన్ కాథలిక్ చర్చి 1965లో రెండో జవాబు వైపు గట్టిగా అడుగేసింది. రెండో వాటికన్ మహాసభ ప్రకటన ఒకటి, ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ చర్చి తోసిపుచ్చదని చెప్పింది. అదే వాటికన్ 2000లో ఇంకో ప్రకటన చేస్తూ, అన్ని మతాలూ సమానమన్న అర్థం తీయొద్దని, రక్షణ క్రీస్తు ద్వారానేనని తేల్చింది. భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడి మాటా ఈ కోవలోదే. శ్రద్ధతో వేరే దేవతలను కొలిచినా, విధి తప్పినా, ఆ పూజ తనకే చెందుతుందంటాడు. వినడానికి ఉదారంగానే ఉంటుంది. కానీ ‘నువ్వెవరికి మొక్కినా అది మావాడికే’ అంటే అవతలివాడు సంతోషిస్తాడన్న హామీ లేదు.

మూడో జవాబు శ్రీ సత్యసాయి జిల్లా వాళ్లకు బాగా తెలుసు. పుట్టపర్తిలో అనేక మతాల గుర్తులను ఒక్క చిహ్నంలో కలిపారు. అక్కడి ఆశ్రమం ప్రశాంతి నిలయంలో క్రిస్మస్ కూడా చేస్తారు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. అన్ని దారులూ ఒకచోటికే అనేవాళ్లు, ‘మా దారి ఒక్కటే’ అనేవాళ్ల మాట తప్పంటున్నారు. ఎంత విశాలమైన నమ్మకమైనా ఏదో ఒకదాన్ని కాదనక తప్పదు.

కాదన్న తర్వాత ఎలా మెలగాలన్నది వేరే సంగతి. దాని మీద మన గడ్డపైనే రాతిలో చెక్కిన మాట ఉంది. గుత్తికి దగ్గర్లో, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటివి. వాటిలో పన్నెండో శాసనం సారం ఇది: తన మతం మీది మోజుతో దాన్ని మరీ పొగిడి, పరాయి మతాన్ని తిట్టేవాడు తన మతానికే చేటు చేస్తున్నాడు. అశోకుడు బౌద్ధుడే, బౌద్ధాన్ని వదులుకోలేదు. నోరు అదుపులో పెట్టుకోమన్నాడు, పరాయివాళ్ల ధర్మం వినమన్నాడు.

వినడం, కలిసి మెలగడం అలవాటైన ఊళ్లలో పెనుకొండ ఒకటి. విజయనగర రాజులకు రాజధానిగా ఉన్న ఆ ఊళ్లోనే జైనుల పార్శ్వనాథుడి గుడి, బాబయ్య దర్గా ఉన్నాయి. బాబయ్య అంటే సూఫీ సాధువు బాబా ఫక్రుద్దీన్. గురువు ఇచ్చిన పండ్లపుల్ల ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపొమ్మన్నారని, అది పెనుకొండలో చిగురు వేసిందని కథ చెబుతారు. ఉరుసుకు, గంధానికి హిందువులూ వస్తారు. ఇటు కదిరి లక్ష్మీనరసింహస్వామి ఉత్సవాలకు చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్లే జనంలో ముస్లింలూ ఉంటారు. కడపలో ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరుణ్ణి దర్శించుకుంటారు. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ అని, స్వామి అల్లుడని వాళ్ల లెక్క.

ఇదంతా అందరికీ నచ్చుతుందని కాదు. అల్లాకు సాటిగా ఎవరినీ నిలపకూడదన్నది ఇస్లాంకు పునాది. పీర్లు ఎత్తడం, దర్గాల్లో మొక్కడం ఆ పునాదికే దెబ్బ అని చెప్పే ముస్లింలు చాలామంది. గూగూడు మీద పరిశోధన చేసిన తెలుగు కవి అఫ్సర్, 2013లో వచ్చిన తన ఇంగ్లిషు పుస్తకంలో ఈ పెనుగులాటను వివరంగా రాశారు. దర్గాలకు మొక్కొద్దనే హిందువులూ ఉన్నారు. వాళ్లందరినీ సంకుచితులని కొట్టిపారేయడం న్యాయం కాదు. తమ గ్రంథం ఏం చెబుతోందో వాళ్లు శ్రద్ధగా చదివారు. ఆ చదువు పక్కింటివాడిని చిన్నచూపు చూడటానికి వాడుకున్నప్పుడే చిక్కు.

గౌరవానికీ హద్దులున్నాయి. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ 2019 చివర, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30,000 మందిని ఇళ్లకు వెళ్లి పలకరించింది. నిజమైన భారతీయుడు కావాలంటే అన్ని మతాలనూ గౌరవించడం చాలా ముఖ్యమని 84 శాతం మంది చెప్పారు. కర్మ ఉందని నమ్మేవాళ్లు హిందువుల్లో ఎంతమందో ముస్లింలలోనూ అంతే, 77 శాతం. పెళ్లి మాటెత్తితే గొంతు మారిపోయింది. తమ ఆడపిల్లలు పరాయి మతంవాళ్లను చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమన్నవాళ్లు హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం. పరాయి దేవుడికి దండం పెట్టినంత సులువుగా పరాయి ఇంటితో వియ్యమందరు.

పరాయి మతాన్ని ఎక్కడ నిలబెట్టాలన్న ప్రశ్నతో రోజూ కాపురం చేసేవాళ్లు దూదేకులవాళ్లు. పత్తి ఏకడం కులవృత్తిగా బతికిన ముస్లింలు వీళ్లు. చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. హిందువుల ఆచారాలు కొన్ని వీళ్లలో కలిసి ఉన్నాయని వందేళ్ల కిందటి ఇంగ్లిషు గ్రంథాలూ రాశాయి. ఇప్పుడు కొన్ని ఇళ్లలో పిల్లలకు అరబ్బీ చదువు చెప్పిస్తున్నారు, పాతకాలపు హుస్సేనప్ప లాంటి పేర్లు వదిలేస్తున్నారు. మరికొన్ని ఇళ్లలో నమాజూ ఉంది, గుడికి పోవడమూ ఉంది. ఒకే ఇంట్లో అన్న ఒక రకం, తమ్ముడు ఇంకో రకం కావచ్చు. పండక్కి మాత్రం ఇద్దరూ అమ్మ వండిన బువ్వే తింటారు.