ఉత్తరానికి ముద్ర, తాళం

పూర్వం రాజులూ, మంత్రులూ ఉత్తరం రాస్తే దాన్ని మడిచి, లక్క అంటించి, ఆ లక్క మీద తమ ఉంగరంతో ముద్ర వేసేవారు. ముద్ర చెడకుండా ఉంటే, దారిలో ఎవరూ ఉత్తరం విప్పలేదని తెలిసేది. ముద్ర ఎవరిదో చూస్తే, ఉత్తరం ఎవరు పంపారో తెలిసేది.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. విశాఖదత్తుడు సంస్కృతంలో రాసిన "ముద్రారాక్షసం" నాటకానికి ఆ ప్రమాదమే ఆధారం. నందుల మంత్రి అయిన రాక్షసుడు పాటలీపుత్రం విడిచిపోతూ, తన కుటుంబాన్ని చందనదాసు అనే రత్నాల వర్తకుడి ఇంట దాచాడు. ఆయన ముద్ర ఉంగరం భార్య వేలికి ఉన్నది. ఒకనాడు చాణక్యుడి వేగులవాడు ఆ ఇంటికి వచ్చాడు. గదిలోంచి బయటికి వచ్చిన పిల్లవాణ్ణి తల్లి గబుక్కున లోపలికి లాక్కున్నది. మగవాడి వేలికి చేసిన ఉంగరం కావటంచేత అది ఆమె వేలినుంచి జారి, దొర్లుకుంటూ వెళ్ళి వేగులవాడి కాళ్ళ దగ్గర ఆగింది.

చాణక్యుడు ఒక దొంగ ఉత్తరం రాయించి, దాని మీద ఆ ఉంగరంతో ముద్ర వేయించాడు. ఆ ఉత్తరాన్నీ, చాణక్యుడు పన్నిన మరికొన్ని పన్నాగాలనూ నమ్మి, రాక్షసుడికి అండగా ఉన్న మలయకేతువు తన పక్షపు రాజులనే చంపించి, రాక్షసుణ్ణి దూరం చేసుకున్నాడు. ముద్ర నిజమైనదే. ఉత్తరమే అబద్ధం!

ఇప్పుడు మనం రాసే ఈమెయిలు కూడా ఉత్తరమే. కాని మామూలుగా దానికి లక్క లేదు, ఉంగరం లేదు. అది బయలుదేరి, మధ్యలో కొన్ని పెద్ద కంప్యూటర్లలో మజిలీ చేసి గమ్యం చేరుతుంది. మజిలీల మధ్య దాన్ని చాలావరకు కప్పే తీసుకుపోతారు. కాని మజిలీలో అది పోస్టుకార్డులాగే ఉంటుంది. అక్కడివారు చదవదలిస్తే చదవవచ్చు. పైగా పంపినవారి పేరు ఉండేచోట మోసగాడు మరొకరి పేరు పెట్టవచ్చు. "ఫీజు ఈ ఖాతాకు పంపండి" అని బడి పేరుతో ఎవడైనా రాస్తే, మీ నాన్నగారు నమ్మినా నమ్మవచ్చు.

అందుచేత ఈమెయిలుకు ముద్రా కావాలి, తాళమూ కావాలి.

తాళంతో చాలాకాలం ఒక చిక్కు ఉండేది. పెట్టెకు తాళం వేసి పంపితే, అవతలివారికి తాళంచెవి కూడా పంపాలి గదా! దాన్ని దొంగ కాజేస్తే? 1976లో అమెరికాలో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు దీనికి ఉపాయం ప్రకటించారు. ఒక్క తాళంచెవికి బదులు జంట చెవులు ఉండాలి. ఒకదానితో వేసిన తాళం రెండోదానితోనే రావాలి. అప్పుడు ఒక చెవిని లోకమంతటికీ పంచిపెట్టి, రెండోదాన్ని దాచుకుంటే చాలు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ అనే ముగ్గురు లెక్కలతో అటువంటి జంటను తయారుచేశారు. బ్రిటిషు ప్రభుత్వ కొలువులో ఉన్న క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే ఇటువంటి పద్ధతి కనిపెట్టాడు. కాని ప్రభుత్వం దాన్ని 1997 దాకా రహస్యంగా ఉంచింది.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడాలని ఉన్నదా? కాగితం, పెన్సిలు తీసుకోండి.

రవి 33, 3 అనే సంఖ్యలను అందరికీ చెప్పాడు. 7 అనే సంఖ్యను మాత్రం దాచుకున్నాడు. లలిత అతనికి 4 అనే సంఖ్యను రహస్యంగా పంపాలి. రవి చెప్పినది 3 గనక ఆమె మూడు నాలుగులను గుణించింది: 4 × 4 × 4 = 64. దాన్ని 33తో భాగిస్తే శేషం 31. ఆ 31ని పంపింది. దారిలో చూసినవాడికి 31 కనిపిస్తుందేగాని 4 కనిపించదు. రవి దాచుకున్నది 7 గనక అతను ఏడు 31లను గుణించాలి. ప్రతి గుణకారం తరవాత 33తో భాగించి, శేషాన్నే మళ్ళీ 31తో గుణించండి. శేషాలు వరసగా 4, 25, 16, 1, 31, 4 వస్తాయి. చివరిది 4. లలిత పంపిన సంఖ్య అదే!

ముద్ర వేయటానికి ఇదే లెక్కను తిరగేస్తారు. రవి 4 పంపుతూ, ఏడు నాలుగులను గుణించి, 33తో భాగించగా వచ్చిన శేషం 16ను కూడా జతచేస్తాడు. అందుకున్నవారు మూడు 16లను గుణిస్తే 4096. 33తో భాగిస్తే శేషం 4. సరిపోయింది గనక, 7 తెలిసినవాడే దీన్ని పంపాడన్నమాట. నిజమైన ఉత్తరం విషయంలో కంప్యూటరు ఉత్తరమంతటి నుంచీ ఒక సారాంశ సంఖ్యను తీసి, దానికి ముద్ర వేస్తుంది. దారిలో ఒక్క అక్షరం మార్చినా ముద్ర సరిపోదు.

33 అంటే 3 × 11 అని మీరు చటుక్కున చెప్పగలరు. అది తెలిసినవాడు 7ను కూడా పట్టుకోగలడు. అందుకే నిజమైన తాళాలలో 600కు పైగా అంకెలున్న సంఖ్యను వాడతారు.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు: "33, 3 అనేవి రవి సంఖ్యలే అని లలితకు ఎలా తెలుసు? దొంగ తన సంఖ్యలు పంపి, నేనే రవిని అంటే?"

డిజిటల్ సర్టిఫికెట్టు ఉన్నది ఇందుకే. 1978లో లోరెన్ కోన్‌ఫెల్డర్ అనే అమెరికన్ విద్యార్థి ఈ ఆలోచన చేశాడు. అందరూ నమ్మే ఒక సంస్థ, "ఈ బహిరంగ చెవి ఫలానావారిది" అని రాసి, దాని మీద తన ముద్ర వేసి ఇస్తుంది. మన దేశంలో ఇటువంటి సంస్థలకు అనుమతి ఇవ్వటానికి, 2000 సంవత్సరపు ఇన్‌ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం కింద ఒక ప్రత్యేకమైన అధికారి ఉన్నాడు.

ఈమెయిలుకు సర్టిఫికెట్టు పెట్టుకునే పద్ధతి ఇది. ముందు మన కంప్యూటరులోనే జంట చెవులు తయారవుతాయి. బహిరంగ చెవి మాత్రమే సంస్థకు వెళుతుంది. సంస్థ ఆ ఈమెయిలు చిరునామా మనదేనని విచారించి, సర్టిఫికెట్టు ఇస్తుంది. దానికి గడువు తేదీ కూడా ఉంటుంది. దాన్ని మెయిలు ప్రోగ్రాములో చేర్చి, స్నేహితుడికి మొదట ముద్ర వేసిన ఉత్తరం పంపాలి. దానితోపాటు మన సర్టిఫికెట్టు అతనికి చేరుతుంది. అప్పటినుంచి అతను మనకు తాళం వేసి రాయవచ్చు. అతనికి మనం తాళం వేసి రాయాలంటే అతని సర్టిఫికెట్టు మనకు కావాలి. ఇంకొక మాట: రహస్య చెవికి ఒక నకలు భద్రంగా దాచుకోవాలి. అది పోతే, తాళం వేసి వచ్చిన పాత ఉత్తరాలు మనకే తెరుచుకోవు!

మరి ముద్ర వేసే సంస్థ ఇంట్లోనే దొంగలు పడితే? అదీ జరిగింది. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థ కంప్యూటర్లలో దొంగలు జొరబడి, వెబ్‌సైట్ల పేరిట 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు చేసుకున్నారు. గూగుల్ పేరు మీద చేసిన ఒకదానితో ఇరాన్‌లో ఎందరినో మోసగించి, వారి మెయిళ్ళను చూడటానికి వాడారు. సంగతి బయటపడగానే ఆ సంస్థ ముద్రను ఎవరూ నమ్మలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో అది దివాలా తీసింది.

రహస్య చెవి ఇతరుల చేతిలో పడిందని అనుమానం కలిగితే, వెంటనే సంస్థకు చెప్పి సర్టిఫికెట్టును రద్దు చేయించాలి. రద్దయినవాటి జాబితాను సంస్థలు ప్రకటిస్తాయి. పాపం, రాక్షసుడికి అటువంటి అవకాశం లేకపోయింది. తన ఉంగరంతో దొంగ ఉత్తరానికి ముద్ర వేసిన సంగతే ఆయనకు సమయానికి తెలియలేదు.

లెక్క ఎంత గట్టిదైనా, ఉంగరాన్ని కాపాడుకోవలసినవాళ్ళం మనమే.